ముల్లు ఊగినంతసేపు

పిండి పొంగడానికి ఇంకా సమయం ఉంది. తెర అవతల లుడ్విక్ లేత్ మిషన్‌కి గేజి బిగిస్తున్నాడు, ఇవతల నేను అక్రోట్లు దంచుతూ దేవుణ్ణి అడుగుతున్నాను, తప్పు ఆ మిషన్‌దే కావాలి ప్రభువా, బేరింగులు అరిగిపోయి ఉండాలి, స్పిండిల్ వంగిపోయి ఉండాలి, ఇనుముకి ఏమైనా ఫరవాలేదు, ఇనుమే కదా, అని. మిషన్ పాడైపోవాలని మొక్కుకునే ఆడది క్లీవ్‌లాండ్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. మా వీధిలో స్లొవేనియా నుంచి వచ్చిన మావాళ్ళ ఇళ్ళన్నీ ఒకటే తీరు, పైన ఒక వంటిల్లు, కింద బేస్‌మెంటులో ఇంకొకటి. పైది వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకోవడానికి, కిందిది వండడానికి. కింద సగం నాది, సగం ఆయన లేతుది, మధ్యన నీలం పూల పాత దుప్పటి ఒకటి తీగ మీద వేలాడుతూ ఉంటుంది. నా పిండి దుమ్ము ఆయన మిషన్ మీద పడకూడదు, ఆయన ఇనుప రజను నా పిండిలో పడకూడదు, మా కాపురంలో జరిగిన పోట్లాటల్లో సగం ఆ దుప్పటి గురించే. ఒకసారి ఇత్తడి చుట్ట ఒకటి నా పొటీత్సా రొట్టెలోకి వచ్చిపడి, అక్రోటు పూర్ణంతోపాటు చుట్టుకుపోయి, సరిగ్గా ఫాదరుగారి పంటి కిందే పడింది. ఆయన దాన్ని వేళ్ళతో తీసి వెలుతురులో పెట్టి చూసి, "అల్బినా, ఈసారి మీ ఆయనకి కూడా కూలి ఇవ్వాల్సి వచ్చేట్టుందే" అన్నాడు. చర్చి హాలంతా నవ్వింది. లుడ్విక్ నవ్వలేదు, ఇంటికొచ్చాక దుప్పటికి అడుగున సీసం బిళ్ళలు కుట్టించాడు, గాలికి ఎగరకుండా.

ఇవాళ ఆ దుప్పటి సగం తెరిచే ఉంది. నేనే తెరిచాను. ఆయన వీపు కనబడుతోంది, బూడిదరంగు చొక్కా, చెవి పక్క పెన్సిలు, మెడ మీద మంగలి వదిలేసిన రెండు వెంట్రుకలు. తిరిగే ఇనుము వెంట్రుకవాసి నడుమ తప్పినా ఊగే ఆ గేజి ముల్లు నాకు కనబడదు, కనబడక్కర్లేదు కూడా, ముల్లు ఎలా ఊగుతోందో ఆయన ముక్కుతో విడిచే గాలిని బట్టి నాకు తెలుస్తుంది. ఎనిమిదో క్లాసుతో బడి మానేసి యుద్ధం రోజుల్లో ఈయన పనిచేసే ఫ్యాక్టరీలోనే మరమేకులు ఏరి చూసే బల్ల దగ్గర కూర్చున్నదాన్ని, ఆ రోజుల్లో అవతలి వరసలో లేతు దగ్గర నిలబడి ఈయన ఇలాగే గాలి విడిచేవాడు, నేను తల ఎత్తకుండానే ఇవాళ పని బాగా సాగుతోంది, ఇవాళ సాగడం లేదు అని చెప్పగలిగేదాన్ని, మా మధ్య ప్రేమ అంటే ముందు అదే. ఇప్పుడు విడిచాడు. పొడుగ్గా. అంటే ఊగుతోంది. మంచిది, ఊగనీ. ఊగాలి. ఊగితేనే కదా తప్పెక్కడో వెతకడం.

ఇదంతా నిన్న స్టాంకో తెచ్చిన గోల. ఆదివారం హాల్లో డాన్సు, వాడి బటన్ అకార్డియన్ లేకపోతే డాన్సు లేదు, ఆ బటన్ల కింది మీటలు తిరిగే సన్నటి ఇరుసు అరిగిపోయిందని లుడ్విక్ చేత కొత్తది చేయించుకున్నాడు. తీసుకెళ్ళినవాడు గంటలో తిరిగొచ్చాడు. దాన్ని నా పై వంటింటి బల్ల గాజు మీద పెట్టి వేలితో నెట్టాడు. అది దొర్లలేదు, కుంటింది. "అల్బినా, మీ ఆయన నాకు ఇరుసు చేశాడా, కుంటికోడికి కాలు చేశాడా?" అన్నాడు నవ్వుతూ. లుడ్విక్ తల ఎత్తకుండా, "నువ్వు తాగి వాయిస్తావు, అందుకే నీ కళ్ళకి అన్నీ ఊగుతుంటాయి" అన్నాడు. "నేను తాగితే ఒకడినే ఊగుతాను బావా, ఇది నాతోపాటు మొత్తం పాటనే ఊపుతోంది." నేనూ నవ్వాను, నవ్వకపోతే ఎట్లా, యాభై ఏళ్ళ స్నేహం. స్టాంకో వెళ్ళాక లుడ్విక్ ఆ ఇరుసుని అదే గాజు మీద మళ్ళీ నెట్టాడు, మళ్ళీ నెట్టాడు, చీకటిపడేదాకా నెడుతూనే ఉన్నాడు. ఒక చివర తరిగి, కడ్డీని అటూఇటూ మార్చి పట్టించి, రెండో చివర తరిగిన వస్తువు అది. కడ్డీని దవడలతో పట్టుకుని తిప్పే చక్ దాన్ని సరిగ్గా నడిమధ్యన పట్టుకోకపోతే రెండు చివరలు ఒక వరసలోకి రావు. అది ఏ మిషన్ దగ్గరైనా జరగొచ్చు. కానీ తయారైన ఇరుసుని ఒక్కసారి బల్ల మీద దొర్లించి చూడకుండా స్టాంకో చేతిలో పెట్టడం, అది ఈ మనిషి దగ్గర ఎప్పుడూ జరగలేదు. నాకది అర్థమైంది. ఆయనకీ అర్థమైంది. పడుకోబోయే ముందు, గోడవైపు తిరిగి, "రేపు చూస్తాను. తప్పు మిషన్‌దైతే బాగుచేస్తాను. నాదైతే ప్లగ్ నేనే పీకేస్తాను. మార్లీన్‌కి ఫోన్ చేసి చెప్పు, డాన్‌ని ట్రక్కు తెచ్చి మిషన్ పట్టుకుపొమ్మను" అన్నాడు.

మార్లీన్ మా అమ్మాయి, డాన్ దాని మొగుడు. మంచివాడే, కాకపోతే సుత్తిని పూలగుత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటాడని మా ఆయనకి వాడంటే చులకన. పోయిన నెల వచ్చినప్పుడు మార్లీన్ నన్ను ఫ్రిజ్ పక్కకి లాగి గొంతు తగ్గించి, "అమ్మా, నాన్న ఆ మిషన్ దగ్గర ఒంటరిగా ఉండకూడదు" అంది. "నాన్నకేమైందే?" అన్నాను. "ఏమైందో నీకు తెలీదా?" "నాకేం తెలుసు, నేను డాక్టరునా?" "అమ్మా." "ఏంటే?" "ఏదో ఒకరోజు వేళ్ళు పోతాయి. అప్పుడు ఏడుద్దువుగాని." ఎంత మాట, కడుపున పుట్టినది. కోపం వచ్చి చేతిలో ఉన్న గరిటె గట్టిగా బల్ల మీద కొట్టాను. కోపం దాని మీద కాదు. అది చూసిందే అని కోపం. నేను ఇన్నాళ్ళూ ఇంటి నాలుగు మూలల్లోంచి ఏరుకొచ్చి, అప్రాన్ జేబులో దాచుకున్నవన్నీ, రెండు గంటలు కూర్చుని కాఫీ తాగి వెళ్ళే పిల్లకి ఎట్లా కనబడ్డాయి?

చక్ తిరుగుతోంది. చేత్తోనే తిప్పుతున్నాడు, టిక్ లేదు, చప్పుడు లేదు, నూనెలో ఇనుము జారే మెత్తటి ఊపిరి మాత్రమే. తప్పులేని కడ్డీ ఒకటి ఆయన దగ్గర ఉంది, నూనె గుడ్డలో చుట్టి, పసిపిల్లాడిలా పెట్టెలో పడుకోబెట్టి ఉంచుతాడు, దాన్నే చక్‌లో పట్టించి చూస్తున్నాడు. ఇప్పుడు దవడలు వదులుచేసి కడ్డీని సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించాడు. "ఇంకా నీ దగ్గరే," అన్నాడు. నాతో కాదు, చక్‌తో. ముల్లు ఎగిరేది అదే దవడ దగ్గరైతే కడ్డీ తప్పు కాదు. కొత్తవాళ్ళకి ఫ్యాక్టరీలో ఇలాగే నేర్పేవాడు, ముందు అమాయకుల్ని ఒక్కొక్కణ్ణే బయటికి పంపెయ్యండిరా, చివరికి గదిలో మిగిలినవాడే దొంగ, అని. కడ్డీ వెళ్ళిపోయింది. ఇంకా ఎంతమంది ఉన్నారు గదిలో? స్పిండిల్ ఉంది, బేరింగులు ఉన్నాయి, చక్ ఉంది. అందరికన్నా వెనక, గోడకి ఆనుకుని, ఆయన ఉన్నాడు. ప్రభువా, ఆయన దాకా రానివ్వకు.

మా అత్తగారికి మతిమరుపు ఉప్పుతో మొదలైంది. సూపులో రెండుసార్లు వేసేది, మేము నవ్వుకుంటూ నీళ్ళు కలుపుకునేవాళ్ళం. తర్వాత చేతి కర్ర పోయింది, పొయ్యిలో దొరికింది. తర్వాత వీధి పోయింది. ఆవిడ పై గదిలో ఉండేది, నేనే తల దువ్వేదాన్ని, తెల్లటి సన్నటి జడ, నా చేతుల్లో ఎలుకతోకలా ఉండేది, దువ్వుతుంటే అద్దంలో నన్ను చూసి చాలా మర్యాదగా, "మీరు ఎవరింటి అమ్మాయండీ?" అనేది. నాకు బాధనిపించలేదు, నేను కోడల్నే కదా. కానీ ఒక సాయంత్రం లుడ్విక్ పనినుంచి వచ్చి, చేతులు కడుక్కుని, రోజూలాగే తల్లి నుదుటి మీద ముద్దుపెడితే, ఆవిడ వెనక్కి జరిగి, దుప్పటి గడ్డందాకా లాక్కుని, నావైపు చూసి, "అమ్మాయీ, ఈ మగమనిషిని ఎవరు లోపలికి రానిచ్చారు?" అంది. ఆయన కిందికి వచ్చేశాడు. ఇదిగో ఇక్కడికే, ఈ మిషన్ దగ్గరికే. ఏం చేస్తున్నాడో అని నేను మెట్ల మీదినుంచి వంగి చూస్తే, ఏమీ చెయ్యడం లేదు, ఖాళీ చక్‌ని చేత్తో తిప్పుతున్నాడు, తిప్పుతూ తిప్పుతూ, "నాకు ఇలా వస్తే, అల్బినా, నాకు ముందు చెప్పు. నవ్వుకుంటూ నీళ్ళు కలపకు" అన్నాడు. అలాగే అన్నాను. ఏదో అన్నాను. ఆ వయసులో ఎవరు ఏం అడిగినా అలాగే అంటాం.

చెప్పానా మరి? ఆయన పొయ్యి మీద వదిలేసిన కాఫీ గిన్నె నీళ్ళు లేకుండా మాడిపోతే కొత్తది కొనుక్కొచ్చి పాతదాని కొక్కేనికే తగిలించాను. మంగలి షాపునుంచి రావడానికి పొద్దు వాలిపోతే, స్టాంకో పట్టుకున్నాడా కబుర్లకి, అని సమాధానం కూడా నేనే అందించాను. చచ్చిపోయిన తన చెల్లెలి పేరుతో నన్ను ఫ్రాన్సీ అని పిలిస్తే, ఊఁ అని పలికాను. ఫ్రాన్సీగా వెళ్ళి ఆయన అడిగిన కళ్ళజోడు వెతికిచ్చి, అల్బినాగా తిరిగొచ్చి సింకు దగ్గర నిలబడ్డాను. ఎంతకాలమైనా పలకగలను నేను. పేరుదేముంది.

చక్ ఊడదీశాడు. రెండు చేతులతో పట్టుకుని, పొట్టకి ఆనించుకుని, బల్ల మీద మెల్లగా దించాడు, బరువుకి మోకాళ్ళు వంగాయి, నేను లేవబోయి ఆగాను, సాయానికి వెళ్తే కరుస్తాడు. ఇప్పుడు చక్‌ని తిప్పే ఉత్త స్పిండిల్ మీద గేజి పెట్టాడు. అరగాలి, ఒంగాలి, ఏదో ఒకటి చెయ్యి తల్లీ, ముసలిదానివి కదా నువ్వూ, నిన్ను మెట్ల మీదుగా దించినప్పుడు నలుగురు మగవాళ్ళు ముక్కలు ముక్కలుగా మోశారు, స్టాంకో వేలు నలిగితే మా అత్తగారు తిట్టిన తిట్లు ఇంకా ఈ గోడల్లో ఉన్నాయి, అప్పటికే నువ్వు సెకండ్‌హ్యాండు, నీకు జబ్బు చేస్తే ఎవరూ తప్పుపట్టరు, బేరింగు అరిగిందంటే అది కాలం చేసిన పని, దానికి సిగ్గుపడక్కర్లేదు, రెండు బేరింగులు తెప్పిస్తే సరి. లుడ్విక్ తిప్పుతున్నాడు. నేను అక్రోట్లు దంచడం ఆపేశాను. ముక్కులోంచి గాలి రాలేదు. ముల్లు ఊగలేదన్నమాట. చెక్క పిడిని స్పిండిల్ కింద పెట్టి పైకి ఎత్తి చూశాడు, వదిలాడు, మళ్ళీ ఎత్తాడు. "పెళ్ళికూతురిలా ఉన్నావే," అన్నాడు మురిపెంగా. స్పిండిలూ బేరింగులూ కూడా గదిలోంచి వెళ్ళిపోయాయి. ఆయనకి తన మిషన్ బాగుందని సంతోషం, చూడండి, ఆ క్షణంలో తను ఏం వెతుకుతున్నాడో కూడా మర్చిపోయాడు.

పిండి గిన్నె దాటి పొంగింది. ఇక ఆగదు అది. బల్ల మీద బొమ్మల గుడ్డ పరిచి, పిండి చల్లి, పొంగిన ముద్దని మధ్యలో బోర్లించి, పిడికిళ్ళు కిందికి దూర్చి నాలుగువైపులా లాగడం మొదలుపెట్టాను. కింది గుడ్డ మీద బొమ్మలు కనబడేంత పల్చగా రావాలి, చిరగకూడదు, మనసు ఎక్కడున్నా చేతులు మాత్రం ఇక్కడే ఉండాలి. అప్పుడే కిరసనాయిలు వాసన వచ్చింది. లుడ్విక్ గుడ్డ తడిపి, చక్‌కీ దాని వెనక బిగించిన ఇనప పళ్ళేనికీ మధ్య అంచుని తుడుస్తున్నాడు. ఆ వాసన ముక్కుకి తగలగానే, వెన్నులోంచి ఏదో జారింది, ఎందుకో అర్థం కాకముందే జారింది. పోయిన చలికాలం, మంచు కిటికీ సగందాకా పేరుకున్న రోజులవి. ఇదే వాసన. నేను వాంతి వస్తోందని గొడవచేశాను. ఆయన చక్‌ని పళ్ళెంనుంచి విప్పి, దవడలన్నీ తీసి, గిన్నెల నిండా కిరసనాయిలు పోసి, రెండు రోజులపాటు దంతాలు తోమినట్టు తోమాడు. "దానికి స్నానం, నాకు తలనొప్పి" అన్నాను. "నువ్వూ రా, నీ వీపూ రుద్దుతాను" అన్నాడు, డెబ్బై దాటిన మనిషి. నేను తడిగుడ్డ విసిరాను. తర్వాత మళ్ళీ బిగించాడు. తనే. ఒక్కడే. చక్ ఆ పళ్ళెం మీద మూడు బోల్టులతో కూర్చుంటుంది, మూడు రకాలుగా కూర్చోవచ్చు, అందులో ఒక్కటే సరైనది. అందుకే మొదటిసారి బిగించిన రోజునే పళ్ళెం అంచు మీద ఒకటి, చక్ అంచు మీద ఒకటి పంచ్‌తో చుక్కలు కొట్టుకుంటారు. చుక్కా చుక్కా ఎదురెదురుగా రావాలి. ఇది లేతు పనివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, బొత్తాం పెట్టుకున్నంత అలవాటు. ఫ్యాక్టరీలో ఎవడైనా చుక్క తప్పి బిగిస్తే వాడి నుదుటి మీద సుద్దముక్కతో చుక్క పెట్టి రోజంతా తిప్పేవాళ్ళు, పెట్టేది ఫోర్‌మన్ లుడ్వికే.

తుడుస్తున్న చెయ్యి ఆగింది.

పిండి నా పిడికిలి మీద పల్చగా సాగి ఉంది, ఊపిరి పీలిస్తే చిరుగుతుందేమో అనిపించింది. ఆయన చక్‌ని వెలుతురు వైపు తిప్పాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అంచుకి ముక్కు ఆనించి చూశాడు. పళ్ళెం మీది చుక్కని వేలితో తడిమాడు, ఆ వేలిని అంచు వెంబడే జరుపుకుంటూ వెళ్ళి, ఒక బోల్టు అవతల, రెండో చుక్క దగ్గర ఆపాడు. ఇక తిరుగుతాడు, ఇక నావైపు చూస్తాడు, ఆ ముఖం ఎలా ఉంటుందో, ఆ ముఖాన్ని ఎక్కడ పెట్టుకోను నేను, అనుకుంటున్నాను. తిరిగాడు. నవ్వుతున్నాడు.

"అల్బినా! ఇలా రా, చూడు! ఎవడో విప్పాడు దీన్ని!"

నేను పిండి లాగుతూనే ఉన్నాను.

"ఎవడో ఏంటి, ఆ డానే! నేను చర్చికి వెళ్ళినప్పుడు వచ్చి కెలికి ఉంటాడు. చుక్క తప్పి బిగించాడు వెధవ. నేను చెప్పలేదా, వాడికి తాడు ముడి కూడా రాదని? నా తప్పు కాదే! మిషన్‌దీ కాదు!"

ఆయన గొంతులో అబద్ధం లేదు. వెతికాను, ఒక్క పోగైనా దొరుకుతుందేమోనని, దొరకలేదు. ఆ రెండు రోజులు, ఆ కిరసనాయిలు గిన్నెలు, ఆ తడిగుడ్డ, నా వీపు, ఏవీ ఆయన దగ్గర లేవు. ఎవరో వచ్చి తీసుకుపోయినట్టు లేవు. ఎంత సంతోషంగా ఉన్నాడో, బోల్టులు వదులుచేసి, ఒక బోల్టు మేర తిప్పి, చుక్క ఎదుట చుక్క నిలిపి, బిగించి, చక్‌ని ఎక్కించి, ఆ తప్పులేని కడ్డీని పట్టించి తిప్పితే, ఈసారి ముల్లు నిద్రపోతున్నట్టు ఉందట, రమ్మన్నాడు, చూడమన్నాడు. వెళ్ళి చూశాను. నిజమే, ముల్లు ఊపిరి తీస్తున్నంత మాత్రమే కదిలింది. "బాగుంది" అన్నాను. "బాగుండడం ఏమిటే, ఆ కుంటికోడి మాట అన్నవాడి నోట్లో కుక్కుతాను కొత్త ఇరుసు. సాయంత్రం డాన్‌కి ఫోన్ చేస్తాను, నువ్వు అడ్డం రాకు." ఊఁ అంటే అయిపోతుంది. డాన్ నాలుగు మాటలు పడతాడు, పడగలడు, పెద్ద భుజాలు. నేను మార్లీన్‌తో చెప్పి సర్దిస్తాను. ఇంకొక్కటి, అప్రాన్ జేబులోకి ఇంకొక్కటి. ఊఁ అనడానికి నోరు తెరిచాను కూడా.

ఆయన ఈల వేస్తూ తప్పులేని కడ్డీ తీసి, స్టాంకో కోసం కొత్త ఉక్కు కడ్డీ పెట్టి, చక్‌కి కీ దూర్చి దవడలు బిగించి, నావైపు చూసి కన్నుకొట్టి, స్విచ్ మీదికి చెయ్యి చాపాడు. కీ ఇంకా చక్‌లోనే నిలబడి ఉంది.

"కీ తియ్!"

నా గొంతు కాదు అది. ఎవరిదో గొంతు కోస్తున్నప్పటి అరుపు. ఆయన చెయ్యి స్విచ్‌కి తగిలీ తగలకుండా ఆగిపోయింది. కీ చక్‌లో ఉండగా మిషన్ తిప్పితే అది తుపాకి గుండులా ఎగిరొస్తుంది, ఎదురుగా ముఖం ఉంటే ముఖమే, అందుకే కీ చక్‌లో ఉన్నంతసేపు చెయ్యి దాని మీదినుంచి తియ్యకూడదని ఈయనే ఎన్ని వందలమందికి నేర్పాడో, నేర్చుకోనివాణ్ణి ఆ పూటే ఇంటికి పంపేసేవాడు. ఆయన ఆ కీని చూశాడు. మెల్లగా దాన్ని బయటికి తీసి, బల్ల మీద పెట్టి, అరచేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. బయట వీధిలో ఎవరిదో కారు స్టార్టు కాక మొరాయిస్తోంది.

"డాన్ కాదు కదా," అన్నాడు.

"కాదు."

"స్టాంకోనా?"

"కాదు, లుడ్విక్. మంచు పడేటప్పుడు. నువ్వే విప్పావు. రెండు రోజులు కడిగావు. నువ్వే బిగించావు."

"నువ్వు చూశావా?"

"ఇక్కడే ఉన్నాను కదా. కంపు కొడుతోందని నిన్ను తిట్టాను."

"నేనేమన్నాను?"

"వీపు రుద్దుతానన్నావు."

ఏదో వెతికాడు, తన లోపలే, చీకట్లో జేబులు తడుముకున్నట్టు. "అన్నానా," అన్నాడు చివరికి, చిన్నగా, ఎవరిదో కబురు విన్నట్టు. తర్వాత వంగి, గోడ దగ్గర మోకాలి మీద కూర్చుని, ప్లగ్ పీకాడు. లేవడానికి బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. తీగని మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టాడు, చుట్ట చుట్టకీ వరస తప్పకుండా, చివరని లోపలికి దోపి, మిషన్ మీద పెట్టాడు. దుప్పటి దాటి నా వైపు వచ్చాడు. పిండి ఆరిపోతోంది, అంచుల దగ్గర బిగుసుకుంటోంది, నాకు పట్టలేదు. నా ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చుని, నూనె చేతులు రెండూ నా పిండి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా పెట్టలేదు.

"ఇంకా ఏమేం ఉన్నాయి, అల్బినా?" అన్నాడు. "అన్నీ చెప్పు."

చర్చి మెట్ల దగ్గర పలకరించిన ప్రతివాళ్ళకీ వాళ్ళ తాతల పెళ్ళిళ్ళ దాకా చెప్పే నోరు నాది, ఇప్పుడు మాటలు ఏరుకుంటోంది. ఆయన కళ్ళు నా ముఖం మీదినుంచి పక్కకి పోలేదు. భయపడుతున్నాడు, పిల్లాడిలా భయపడుతున్నాడు, అయినా లేవడం లేదు. నేను చేతులు అప్రాన్‌కి తుడుచుకుని, ఆయన ఎదురుగా కూర్చుని, అన్నిట్లోకీ చిన్నదేదో వెతుక్కుని, దానితో మొదలుపెట్టాను.